ఎదురు మర

1898 సెప్టెంబరు 5, సోమవారం

రిజిస్టరులో నన్ను రాయనివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తాను. ఈ పుస్తకం నాది, కలం నాది. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

తలుపులమ్మ శుక్రవారం పోయింది. ఉబ్బసం. నాలుగేళ్లుగా మా ధర్మాసుపత్రికి వస్తున్న మనిషి. రేవు దిగువన చేపలవాళ్ల పేటలో చెల్లెలు రత్తమ్మతో ఉండేది. తెల్లారగానే రత్తమ్మ గంప ఎత్తుకుని అమ్మకానికి పోయింది, ఈవిడకి ఆయాసం అందుకుంది. పొయ్యిలో నిప్పు ఉంది. పక్కన మట్టి చిప్ప ఉంది. నేనిచ్చిన పొడి సీసా చేతిలో ఉంది. ఉమ్మెత్తాకు, సురేకారం కలిపిన పొడి అది, చిటికెడు నిప్పు మీద వేసి ఆ పొగ పీలిస్తే గొంతు వదులవుతుంది. ఆ చిటికెడు తీసుకోవడానికి సీసా తెరుచుకోలేదు. రత్తమ్మ తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

డాక్టరు చంద్రరావు గారు రిజిస్టరులో ఏం రాశారు? “ఇచ్చిన మందు వాడలేదు. రోగి అజాగ్రత్త.”

అజాగ్రత్తట! ఇవాళ రత్తమ్మ ఆ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బిరడా చుట్టూ పంటి గాట్లు. లక్క పెచ్చులు ఊడాయి గాని బిరడా వెంట్రుక వాసి కదల్లేదు.

“ఇదేంటండి కంపౌండరమ్మగారూ, దీన్ని మూతంటారా, మేకంటారా?” అంది.

నేనేం చెప్పను? మద్రాసు నుంచి వచ్చిన బిరడాలు అవి. బిగించిన రోజున బల్ల దగ్గర ఇద్దరం ముగ్గురం ఉన్నాం. వానాకాలం, గట్టిగా బిగించి పైన లక్క పోయమన్నది డాక్టరు గారే.

రత్తమ్మకీ అదే జబ్బు, అక్క కంటే ఎక్కువే. ఇప్పుడు ఇంట్లో ఒక్కతే. మంచు కాలం వస్తోంది. ఈసారి ఆవిడకిచ్చిన సీసాకి బిరడా వేలితో నొక్కి ఊరుకున్నాను.

సెప్టెంబరు 6

బిరడా మంచిదే. సరుకు మంచిదే. గట్టిగా బిగించక ఎలా?

సెప్టెంబరు 10, శనివారం

రత్తమ్మ వచ్చింది. వదులు బిరడా పెట్టిన సీసాలో పొడి ఉండకట్టింది. నా ఎదురుగానే నిప్పు మీద వేసి చూశాం. చుయ్యిమని ఏడ్చి ఊరుకుంది, పొగ లేదు. ఉప్పు గాలి, చేపల తడి, కారే ఇల్లు. ఐదు రోజులకే ఈ గతి.

డాక్టరు గారు పక్కనుంచి చూసి, “నే చెప్పలేదా సంపూర్ణమ్మా? బిగించాల్సిందే. చెడకుండా ఇవ్వడం మన పని. తెరుచుకోవడం రోగి పని” అన్నారు.

“ఆయాసంతో ప్రాణం పోతున్న మనిషి ఏ చేత్తో తెరుచుకుంటుందండి?” అన్నాను.

“పక్కన మనిషిని పెట్టుకోమను.”

“మీరు పంపిస్తారా ఆ మనిషిని?”

నలుగురి ముందూ అనేశాను. ఆయన మొహం ఎర్రబడింది. అమ్మకి చెబితే, “నీ నోరు నిన్ను తినేస్తుందే” అంది. తిననీ.

సెప్టెంబరు 14, బుధవారం

తాలూకా గుమస్తా ఒకాయన బెంచీ మీద కూర్చుని మరచెంబు తీశాడు. మూడు వేళ్లతో మూత తిప్పాడు, నీళ్లు తాగాడు, మళ్లీ తిప్పి మూసి సంచిలో అడ్డంగా పడుకోబెట్టాడు. చుక్క కారలేదు!

ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఇవాళ కళ్లు తెరిచాను. బిరడాని గుంజాలి, దానికి బలం కావాలి. మరకి బలం అక్కర్లేదు, తిప్పితే చాలు. ఇత్తడి కాకుండా కర్రతో, గుప్పిట్లో పట్టేంత పెట్టె, మూతకి మర.

సాయంత్రం తరిమెన మీద కర్రని తిప్పుతూ చెక్కే వీరబ్రహ్మం గారి దగ్గరికి పోయాను. కుంకుమ భరిణెలు తిప్పడంలో ఈ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా.

“ఏంటమ్మా సంపూర్ణమ్మగారూ, మీ కిరస్తానం వాళ్లు బొట్టు పెట్టరు కదా, భరిణెతో పనేంటండి మీకు?” అన్నాడు నవ్వుతూ.

చెప్పాను. నవ్వు ఆపేశాడు. అంకుడు కర్ర ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

“బయట మర కోయొచ్చండి. దారం చుట్టుకుంటూ పోయి ఆ దారం వెంటే ఉలి నడిపిస్తాం. మూత లోపల కోయడమే ప్రాణాంతకం. చెయ్యి పట్టదు, చూపు ఆనదు.”

“కుదరదంటారా?”

“కుదరదని నేనెప్పుడన్నానండీ? ప్రాణాంతకం అన్నాను.”

ఈ మనిషి నాకు నచ్చాడు.

సెప్టెంబరు 27, మంగళవారం

గెలిచాం! పెట్టె నిండా పొడి పోసి, మర సందుల్లో తేనెమైనం రాసి, మూత తిప్పి, మా వంటింటి చూరు కింద ఎనిమిది రోజులు వేలాడదీశాను. ఎనిమిది రోజులూ వానే. ఇవాళ మూడు వేళ్లతో తెరిచాను. చిటికెడు వేస్తే నిప్పు భగ్గుమంది. ఇల్లంతా పొగ. అమ్మ దగ్గుకుంటూ అరుగు మీదికి పారిపోయింది.

వీరబ్రహ్మం గారికి చెబితే మీసం దువ్వుకున్నాడు. మరో ఆరు మొదలుపెట్టాడు.

అక్టోబరు 6, గురువారం

ఆరుగురికి ఇచ్చాను. మొదటిది రత్తమ్మకి.

అక్టోబరు 10, సోమవారం

ఆరుగురూ తిరిగి వచ్చారు. ఒక్కరంటే ఒక్కరికి తెరుచుకోలేదు. నా పరువు కాలవలో కలిసింది.

రత్తమ్మ గుడ్డ వేసి పట్టుకుని బలమంతా పెట్టి తిప్పిందట. మూత పగిలింది. ఒక ముసలావిడ పెట్టెని రోకలితో కొట్టి తెరిచింది. తెరుచుకోకపోతే ఇటు తిప్పండి అని ఎదురుగా నిలబడి నేను తిప్పి చూపిస్తున్నానా, నా చేతిలో ఇట్టే వస్తోంది. వాళ్ల చేతికి ఇవ్వగానే మళ్లీ అటే తిప్పుతారు, బిగించేస్తారు. ఇటు అంటే అటు! నాలుగుసార్లు చూపించాను. మొద్దులు. మర అంటే తెలియని మొద్దులు. తల పగలగొట్టుకున్నా ఎక్కదు.

డాక్టరు గారు పడీ పడీ నవ్వారు. “నీ పెట్టె కంటే బిరడాయే నయం కదా, కొరకనైనా కొరకొచ్చు.”

ఆ మాట అన్నప్పుడు రత్తమ్మ అక్కడే ఉంది. ఆయనకి ఆ సంగతి తట్టనేలేదు. రత్తమ్మ మొహం తిప్పుకుని బయటికి పోయింది.

ఇకనుంచి ఆసుపత్రి గుమ్మం లోపల కర్ర పెట్టె కనిపించిందా, నా బల్ల ఇంకొకరికి ఇస్తారట. నిజంగానే అన్నారు, నవ్వుతూ కాదు.

అక్టోబరు 11

చాలు. ఇంక ఈ పని చేయను.

అక్టోబరు 12

ఎందుకు చేయను? చేస్తాను.

అక్టోబరు 16, ఆదివారం

ఆరాధన అయి ఇంటికి వచ్చాం. పగలని పెట్టె ఒకటి అమ్మ చేతికిచ్చి, “తెరువమ్మా” అన్నాను. ఏమీ చెప్పలేదు. చూడాలనుకున్నాను.

అమ్మ తిప్పింది. కుడివైపుకి. వాళ్లలాగే! ఇంకా బిగించేసింది.

“అటు కాదమ్మా, ఇటు.”

“ఇటా?” అని పెట్టె వంకా నా వంకా చూసింది. “ఇటు తిప్పుతారుటే ఎవరైనా? మందు పెట్టెని?”

“తిప్పితే ఏం?”

“అపసవ్యం కదే. చితి చుట్టూ తిరిగేది అటు. మంచంలో మనిషి ఉంటే మందుని అటు తిప్పుతామా? చేతులెలా వస్తాయి?”



“అమ్మా, నీకు బాప్తిస్మం అయి ముప్పై ఏళ్లయింది.”

“నాకిచ్చారే,” అంది మా అమ్మ పాపాయమ్మగారు, ఎంత తాపీగానో. “నా చేతికి ఇవ్వలేదుగా.”

నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆరుగురూ మొద్దులు కారు. ఆరుగురూ గుడి చుట్టూ తిరిగే వైపుకే, హారతి తిప్పే వైపుకే తిప్పారు. రోగం పోవాలని కోరుకుంటూ తిప్పారు. మొద్దుని నేను. మిషన్ బళ్లో చదివి, గుళ్లో అడుగుపెట్టక, ప్రదక్షిణం అన్న మాటే మరిచిపోయిన మొద్దుని.

“మరి ఆ గుమస్తా మరచెంబు అటే తిప్పుతాడుగా?” అన్నాను ఊరుకోలేక.

“నీళ్లు వేరు, మందు వేరు. అయినా వాడికి అలవాటైంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు చెయ్యి అలవాటైన వైపుకే పోతుంది, నువ్వు చూపించిన వైపుకి పోదు.”

డాక్టరు గారి చదువంతా ఒక పక్కన పెడితే ఈ ఒక్క మాట ఒక పక్క.

అక్టోబరు 17, సోమవారం

“ఎదురు మరా?” అన్నాడు వీరబ్రహ్మం గారు. ఉలి కింద పెట్టేశాడు. “పాతికేళ్లుగా నా చెయ్యి దారాన్ని ఒక్క వైపుకే చుడుతోందండి. మా నాన్న ఉంటే నా తరిమెన విరగ్గొట్టేవాడు.”

“మీ నాన్నగారికి నేను చెబుతాను లెండి.”

“పోయి తొమ్మిదేళ్లయింది.”

“అయితే మనకి అడ్డమెవరు?”

నవ్వాడు. దారం తీసి అటునుంచి చుట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్లకే చెయ్యి మళ్లీ పాత దారికి వచ్చేసింది. విప్పాడు, చుట్టాడు. విప్పాడు. తనని తాను తిట్టుకున్నాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

ఉన్నట్టుండి తలెత్తి, “అమ్మా, ఒక సందేహం. తెరిచేటప్పుడు ప్రదక్షిణం, బాగుంది. మూసేటప్పుడో? మూసేటప్పుడు అపసవ్యమే అవుతుంది కదండి?”

ఇంటికి బయల్దేరాను. దారిపొడుగునా ఆలోచించాను, అయినా తోచలేదు.

అక్టోబరు 22

జవాబు లేకపోయినా పెట్టెలు చేయిస్తున్నాను. తెరుచుకోవడం ముందు. మూతకి చుట్టూ గాట్లు పెట్టమన్నాను, తడి వేళ్లు జారకుండా.

అక్టోబరు 29, శనివారం

పెట్టెలు తీసుకుని నేనే పేటకి పోయాను. ఆసుపత్రి గుమ్మం లోపల కదా వద్దన్నది! మందు సీసాలోనే ఇస్తున్నాను. గుమ్మం దాటాక పెట్టెలోకి పోస్తున్నాను. ఏ రూలు తప్పానో చెప్పమనండి.

రత్తమ్మ వల ఎండబెడుతోంది. పెట్టె చూడగానే, “మళ్లీ తెచ్చారా తల్లీ!” అని దండం పెట్టింది.

“ఒక్కసారి. నీ ఇష్టం వచ్చిన వైపుకి తిప్పు. నేను నోరెత్తను.”

చేపల జిగట చేతులతోనే పట్టుకుంది. కుడివైపుకి తిప్పింది. చుట్టున్నర తిరిగేసరికి మూత చేతిలోకి వచ్చేసింది. దాన్ని చూసి ఉలిక్కిపడింది. మళ్లీ మూసింది. మళ్లీ తెరిచింది. కళ్లు మూసుకుని ఒకసారి తెరిచింది.

నేను నోరు కట్టుకోలేక అడిగేశాను. “మూసేటప్పుడు అటు తిప్పావు కదా, అపసవ్యం అనిపించలేదా?”

రత్తమ్మ నన్ను వింతగా చూసింది. “మూసేటప్పుడు తిప్పేది రోగానికండి. అది అటే పోవాలి.”

దారిలో వీరబ్రహ్మం గారి వాకిట్లో ఆగి ఈ ముక్క చెప్పాను. తరిమెన ఆపి మరీ నవ్వాడు.

నవంబరు 7, సోమవారం

తుపాను గాలి. కాలవ గట్టుదాకా వచ్చింది. పద్నాలుగు పెట్టెలు పేటలో ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా పొడి తడవలేదు. ఇవాళ చూసి వచ్చాను.

రత్తమ్మ నా గొడుగు పట్టుకుని వాకిలిదాకా వచ్చింది. “మీకు తెలిసే ఉంటుంది కదండి. మా అక్క సీసాకి బిరడా అంత గట్టిగా కొట్టిందెవరండి?” అంది.

“తెలీదు రత్తమ్మా. ఆ రోజు బల్ల దగ్గర నలుగురం ఉన్నాం” అన్నాను.

నవంబరు 8

నలుగురం ఉన్నాం.

నవంబరు 9

ముగ్గురం.

నవంబరు 15, మంగళవారం

సీసాలన్నీ కడిగినట్టు తిరిగి వస్తున్నాయేమిటని డాక్టరు గారికి అనుమానం వచ్చింది. పేటకి మనిషిని పంపి పెట్టె తెప్పించారు. నన్ను పిలిచారు. గదిలో ఇద్దరమే.

“పెట్టె బాగానే ఉంది,” అన్నారు. మూత తెరిచి మూస్తూనే ఉన్నారు. “అది కాదు విషయం. వద్దన్న పని చేశావు.”

“మీరు రాసిన మాట చెరిపేయండి, మానేస్తాను.”

“ఏ మాట?”

“రోగి అజాగ్రత్త. ఆవిడ పళ్లతో కొరికిందండి. ప్రాణం పోయేదాకా కొరికింది. అది అజాగ్రత్తా? ఆ మాట అక్కడ ఉన్నన్నాళ్లూ నేను ఊరుకోను. పై వాళ్లకి రాస్తాను. మీరెంత పెద్దవాళ్లయినా సరే.”

ఆయన పెట్టె కింద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. చాలా నెమ్మదిగా, “ఎవరిని కాపాడదామని రాశాననుకున్నావు సంపూర్ణమ్మా?” అన్నారు.



“ఆ రోజు పొద్దున పొడి చెమ్మగిల్లిందని నలుగురి ముందు నిన్ను తిట్టాను. తర్వాత నా గదిలోకి వినిపించింది, నువ్వు కొట్టిన చప్పుడు. ఒక్కో బిరడాకి రెండు దెబ్బలు చాలు. నేను లెక్కపెట్టలేదు గాని రెండు కాదు. రిజిస్టరులో ఆ మాట లేకపోతే మరో మాట రాయాలి. నీ పేరు రాయాలి. మంచి కంపౌండరువి, పోగొట్టుకోవడం ఎందుకు అనుకున్నాను.”

ఇక్కడ రాస్తున్నాను. ఎవరూ చూడరు కాబట్టి కాదు, ఎవరైనా చూసినా సరే. ఆ రోజు బల్ల దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే. ముగ్గురు లేరు, నలుగురు లేరు. చెక్క సుత్తితో నాలుగేసి దెబ్బలు కొట్టాను. బిరడాల మీద కాదు, ఆయన మీద కోపంతో కొట్టాను. పైన లక్క కూడా రెండుసార్లు ముంచాను, ఇప్పుడెలా చెమ్మగిల్లుతుందో చూస్తానని. రెండున్నర నెలలు అజాగ్రత్త అన్న మాట మీద విరుచుకుపడ్డాను. అది నా అజాగ్రత్త.

ఆయనతో ఏమన్నానంటే, “నన్ను కాపాడడానికి చచ్చిపోయిన మనిషి మీద పెట్టారా? ఆవిడ వచ్చి కాదనలేదు కాబట్టా? రిజిస్టరు ఇలా ఇవ్వండి.”

“ఉద్యోగం పోతుంది.”

“ఇవ్వండి.”

ఇచ్చారు. ఆయన రాసిన మాట మీద గీత కొట్టి కింద రాశాను: “మందు వాడలేకపోయినది. బిరడా అతిగా బిగించినందువల్ల సీసా తెరుచుకోలేదు. బిగించినది కంపౌండరు సంపూర్ణమ్మ.” అక్షరాలు బాగానే వచ్చాయి.

నవంబరు 16, బుధవారం

పేటకి పోయి రత్తమ్మకి చెప్పాను. మొత్తం చెప్పాను. సుత్తి సంగతి, కోపం సంగతి, నలుగురం ఉన్నామని ఆడిన అబద్ధం సంగతి.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేపలు కోస్తున్న కత్తి పక్కన పెట్టి విన్నది. అంతా అయ్యాక, “ఈ పెట్టె మా అక్కకి చేసుంటే సరిపోయేది కదండి” అంది.

“అవును.”

“నేను చచ్చిపోతానని చేశారా, మీ మనసు ఊరుకోవడానికి చేశారా?”

“నాకు తెలీదు రత్తమ్మా. చేశాను.”

లోపలికి పోయి పెట్టె తెచ్చింది. నా ఒళ్లోకి విసిరేస్తుందనుకున్నాను. నా ముందే కొంగున ముడేసుకుంది.

“ఇది నాకు కావాలండి. మీరు వద్దు. ఇంక మా వాకిట్లోకి రాకండి,” అంది. కత్తి తీసుకుని తన పని తను చేసుకుంది.

నవంబరు 17

పోను. ఆవిడ అడిగింది నేను చేయగలిగిన పనే.

నవంబరు 24, గురువారం

ఉద్యోగం పోలేదు గాని బల్ల పోయింది. కట్టుగుడ్డలు ఉడకబెట్టి ఉతికే పని ఇచ్చారు. ఇది నాకు అవమానమని కొందరు ఓదార్చడానికి వచ్చారు. మీ ఓదార్పు మీ దగ్గరే ఉంచుకోండి, ఉతకాల్సినవి చాలా ఉన్నాయి అన్నాను.

బల్ల దగ్గరికి కొత్త కంపౌండరు వచ్చాడు. డాక్టరు గారు అతనికి పని చెబుతుంటే తొట్టి దగ్గరనుంచి విన్నాను. “ఉబ్బసం పొడి మాత్రం సీసాలో పోయకు. కర్ర పెట్టెల్లో పొయ్యి. ఇదిగో, ఇటు తిప్పితే వస్తుంది.” నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

వీరబ్రహ్మం గారికి ఇప్పుడు మామూలు మర కోయడానికి చెయ్యి రావడం లేదట. నన్ను కసిరాడు.

డిసెంబరు 3, శనివారం

మంచు విపరీతంగా ఉంది. పొద్దున్నే తొట్టిలో నీళ్లు పోస్తుంటే పేట నుంచి చేపలమ్మే మాణిక్యాంబ వచ్చి గట్టు మీద గంప దించింది. అడగకుండానే చెప్పింది.

నిన్న తెల్లారి రత్తమ్మకి ఆయాసం పట్టుకుందట. ఈ ఏడాది అంత పెద్దది రాలేదట. ఇంట్లో ఒక్కతే. పక్కింటి వాళ్లు అంతా వేటకి పోయారు. మాణిక్యాంబ వెళ్లేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉందట, చుట్టూ పొగ, ఒళ్లో పెట్టె. పెట్టె మూతేసి ఉందట. తెరిచి, మందు వేసుకుని, మళ్లీ మూసి మరీ కూర్చుందట! ఇవాళ గంప కూడా ఎత్తిందట.

“మీకు చెప్పమని అందా?” అని అడిగాను.

మాణిక్యాంబ నసిగింది. “లేదండి. మీ పేరెత్తితే ఊరుకోదండి. మీతో జన్మలో మాట్లాడనంటోంది.”

చేతిలో గుడ్డలు అలాగే ఉన్నాయి. నీళ్లు కారిపోతున్నాయి.

మాట్లాడొద్దనండి. నాతో మాట్లాడకుండా నూరేళ్లు బతకమనండి.